రైలు నవల నుంచి 'గాలివాన' దాకా

మన సంఘం కార్యదర్శి గారు ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమన్నారు. నేను పండితుణ్ని కాను. 37 ఏళ్లు రైల్వేలో టిక్కెట్లు ఇచ్చినవాణ్ని. ప్లాట్‌ఫారం మీద జనం ఏం చదివేవారో మాత్రం కౌంటరు కిటికీలోంచి చూశాను. మనవలకు ఏ కథలు ఇవ్వాలో ఆ అనుభవంతోనే చెబుతున్నాను.

కాలక్షేపం పుస్తకాలు మనకు కొత్త కావు. అపరాధ పరిశోధన నవలలు 20వ శతాబ్దం మొదట్లోనే బెంగాలీ నుంచి అనువాదాలుగా వచ్చాయి. 1930లలో కొవ్వలి లక్ష్మీనరసింహారావు గారు మొదలుపెట్టి, చిన్న చిన్న నవలలు వెయ్యి దాకా రాశారు. ఎక్కిన స్టేషన్ నుంచి దిగే స్టేషన్‌లోపు అయిపోయేవి గనుక వాటికి రైల్వే నవలలని పేరొచ్చింది. పెద్దలు ముఖం చిట్లించారు. అయినా బడి చదువు అంతంతమాత్రమైన ఎందరో ఆడవాళ్లకు చదివే అలవాటు చేసింది అవే. తర్వాత కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు వచ్చారు. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' రాసిన ఆరుద్ర గారు కూడా డిటెక్టివ్ నవలలు రాశారంటే ఇప్పటివాళ్లు నమ్మరు.

నైట్ డ్యూటీలో యుగంధర్ నాకు తోడు. ఈ మాట ఇంట్లో ఎప్పుడూ చెప్పలేదు. 1982లో, తొమ్మిదో తరగతి చదువుతున్న మా పెద్దవాడు లెక్కల పుస్తకంలో డిటెక్టివ్ నవల పెట్టుకుని చదువుతూ దొరికాడు. లాక్కుని రెండుగా చింపి పొయ్యిలో పడేశాను. వాడు ఒక్క మాట అనలేదు. ఆ తర్వాత వాడి చేతిలో క్లాసు పుస్తకం తప్ప తెలుగు పుస్తకం నేను చూడలేదు. బాగుపడ్డాడనుకున్నాను.

వాడి కూతురు పుణెలో పెరిగింది. తెలుగు కూడబలుక్కుని చదువుతుంది. పోయిన వేసవిలో వచ్చి, "తాతయ్యా, తెలుగులో మంచి కథలు చెప్పు, చదువుతాను" అంది. పొంగిపోయి కాళీపట్నం రామారావు గారి 'యజ్ఞం' చేతిలో పెట్టాను. గొప్ప కథ, కానీ కొత్తగా చదివేవాళ్లకు మొదటి మెట్టు కాదు. మూడో పేజీలో ఆగిపోయింది. అప్పుడు సిగ్గు విడిచి అటక మీది యుగంధర్‌ని దింపాను. రెండు రోజుల్లో ముగించింది!

తర్వాత వరసగా ఇచ్చాను. గురజాడ వారి 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి'లో వచ్చింది. నాలుగు పేజీలు, నవ్వుతూ చదవొచ్చు. తొలి తెలుగు కథ అదేనని మన బళ్లో చెప్పారు గానీ, భండారు అచ్చమాంబ గారు 1902లోనే 'ధనత్రయోదశి' రాశారు. ఆ తర్వాత శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి 'వడ్ల గింజలు'. కొంచెం పెద్దదే. కానీ చదరంగం పందెం కథ, డిటెక్టివ్ నవల చదివినవాళ్లు మధ్యలో వదలలేరు. గింజల లెక్క దగ్గర మా పిల్ల ఫోనులో కాలిక్యులేటర్ తీసి, అంకెలు పట్టడం లేదంది. గోదావరి జిల్లా మాటలు కొన్నిటికి మా ఆవిడ అర్థం చెప్పింది.

చివర పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన' ఇచ్చాను. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక నడిపిన ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. రైలు పెట్టె, తుపాను రాత్రి, చిన్న స్టేషను, నియమాలు పెట్టుకుని బతికే ఒక పెద్దమనిషి, ఒక ముష్టిమనిషి. ముగింపు చెప్పను. రైల్వేవాళ్లం మనం తప్పక చదవాలి. చదివాక మా పిల్ల చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత 'యజ్ఞం' తనే అడిగి తీసుకుంది.

పుస్తకాలు దొరకవని దిగులొద్దు. కారా మాస్టారు 1997లో శ్రీకాకుళంలో పెట్టిన కథానిలయం ఉంది. ఆయన 2021లో పోయారు. అక్కడ పోగైన కథలు ఎన్నో ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు.

మొన్న పెద్దవాడు ఫోన్ చేశాడు. కూతురు చెప్పిందట. కాసేపు అదీ ఇదీ మాట్లాడి, "నాన్నా, ఆ పొయ్యిలో వేసిన పుస్తకంలో హంతకుడెవరు?" అన్నాడు. నాకేం తెలుసు? వాడికి పేరు గుర్తులేదు. అట్ట మీద లైట్‌హౌస్ బొమ్మ, మెట్ల మీద ఎర్రచీర కట్టిన అమ్మాయి ఉండేవట. సభ్యుల్లో ఎవరింట్లోనైనా అలాంటి పాత పుస్తకం ఉంటే దయచేసి సంఘం ఆఫీసులో కబురు చెప్పండి. చదివి భద్రంగా తిరిగి ఇస్తాను.