షహీద్ భవన్ (హిజ్లీ)

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్నాన్ని ఆనుకుని, హిజ్లీలో ఉన్న చారిత్రక భవనం. నిర్బంధ శిబిరంగా, సైనిక విడిదిగా, దేశపు తొలి ఐఐటీకి మొదటి నీడగా నిలిచింది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుల కోసం వచ్చి ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలకు ఇది ఇరుగుపొరుగు చరిత్రే.

నిర్బంధ శిబిరం: శాసనోల్లంఘన ఉద్యమ కాలంలో జైళ్లు కిక్కిరిసిపోగా, 1930లో బ్రిటిష్ ప్రభుత్వం ఇక్కడ రాజకీయ ఖైదీలను ఉంచింది. 1931 సెప్టెంబరు 16న నిరాయుధులైన ఖైదీలపై పోలీసులు కాల్పులు జరిపారు. సంతోష్ కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా నేలకొరిగారు. వారి భౌతికకాయాల కోసం సుభాష్ చంద్రబోస్ హిజ్లీకి వచ్చారు. రవీంద్రనాథ్ ఠాగూర్ ఈ ఘాతుకాన్ని బహిరంగంగా ఖండించారు. 1937లో మూతపడిన శిబిరం 1940లో తిరిగి తెరుచుకుంది. 1942లో శాశ్వతంగా మూతపడింది.

తరువాతి నివాసులు: రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా వైమానిక దళం ఈ భవనాన్ని వాడుకుంది. 1950లో కలకత్తాలో మొదలైన ఐఐటీ అదే ఏడాది ఇక్కడికి మారింది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ సంస్థను లాంఛనంగా ప్రారంభించారు. తొలి విద్యార్థులు 224 మంది. ఖైదీల గదులే తరగతి గదులయ్యాయి.

ప్రస్తుత స్థితి: 1990 నుంచి ఇక్కడ నెహ్రూ శాస్త్ర సాంకేతిక మ్యూజియం ఉంది. సంకెళ్లు చూసిన గోడలే చదువుకు ఆశ్రయమివ్వడం ఈ భవనపు అసలు ఘనత.