గుర్తు, దాని ప్రక్కన మాట

మెదకు కెథీడ్రలును చూచి వచ్చిన మన సంఘస్థులు అక్కడి రంగుటద్దాల కిటికీలను గురించి తప్పక చెప్పుకొందురు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ దేవాలయములో ప్రభువు జననము, సిలువ మరణము, ఆరోహణము మూడు కిటికీలలో చిత్రింపబడినవి. అక్షరము రాని అవ్వ సైతము వాటిని చూచి కథ చెప్పగలదు. కథలో మనుష్యులున్నారు గనుక బొమ్మ వేయవచ్చును. పాపము, కృప, ఐక్యత అనువాటికి ముఖము లేదు. వాటిని ఎట్లు చూపుట?

ఆదిమ క్రైస్తవులు చేపను గీసిరి. గ్రీకు భాషలో చేపను ఇఖ్తుస్ అందురు. అందలి ఐదు అక్షరములు యేసు, క్రీస్తు, దేవుని, కుమారుడు, రక్షకుడు అను మాటల మొదటి అక్షరములు. చూచువానికి చేప, చదువ తెలిసినవానికి విశ్వాస ప్రమాణము.

1866లో లండనులో స్పర్జన్ గారు అక్షరములు లేని పుస్తకమును గురించి ప్రసంగించిరి. మూడే పుటలు. నలుపు పాపము, ఎరుపు క్రీస్తు రక్తము, తెలుపు పవిత్రత. 1875లో మూడీ గారు పరలోకమునకు గుర్తుగా బంగారు పుట చేర్చిరి. పిల్లల కూటములలో దానిని నేటికిని వాడుదురు. అయితే మా వర్ని ప్రాంతపు రైతుకు దానిని చూపి ఊరకుండిన ఏమగును? నల్లరేగడి అతనికి అన్నము పెట్టు భూమి. ఎరుపు పెండ్లి కుంకుమ. చెప్పువాడు ప్రక్కన నిలువనిదే లండను రంగులు వర్నిలో పలుకవు.

దేశమునకును ఇట్టి అవసరమే వచ్చినది. 1951 జనాభా లెక్కలలో అక్షరాస్యులు నూటికి 18 మందే. 1951-52 ఎన్నికలలో అభ్యర్థికొక పెట్టె పెట్టి దానిపై గుర్తు అంటించిరి. కాడి ఎద్దుల జత కాంగ్రెసు పెట్టెను చూపెను. ఆ పక్షము ఏమి చేయదలచినదో చెప్పుటకు మాత్రము ఊరూర సభలు కావలసివచ్చెను.

ఇక మన సంగతి. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రలులో ఆంగ్లికనులు, మెథడిస్టులు, అంతకు ముందే ఏకమైన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటీరియన్ సంఘములవారు కలిసి దక్షిణ ఇండియా సంఘమైరి. దాని చిహ్నములో తామరపువ్వు, సిలువ, పరిశుద్ధాత్మకు గుర్తుగా అగ్నిజిహ్వలు గలవు. చుట్టును యోహాను సువార్త 17వ అధ్యాయము 21వ వచనములోని ఐక్యతా ప్రార్థన మాటలు గలవు.

తామర బురదలో పుట్టియు సూర్యుని వెలుగుకు విప్పారునని దానికి వివరణ చెప్పుదురు. మంచిదే. కాని 1931లో పూర్తియైన నిజాంసాగరు కాలువ క్రింద నాట్ల కాలమంతయు మోకాలిలోతు బురదలో నిలుచు మన స్త్రీలకు బురద అపవిత్రత కాదు. అది కూలి, తిండి. వారికి నేను బురదను నిందింపక వెలుగును గురించియే చెప్పుదును.

"తామర మనకెందుకు, పాస్టరుగారూ?" అని యౌవనస్థులు అడుగుదురు. 1980లో ఏర్పడిన ఒక రాజకీయ పక్షమునకు అదే ఎన్నికల గుర్తగుటచే ఈ ప్రశ్న పెరిగినది. రెంటికిని సంబంధము లేదు. పువ్వును చెరిపివేయుదమను వారిని అంచున నున్న మాటలు చదువుమందును. చిక్కేమనగా, ఫ్లెక్సీలపైనను కరపత్రములపైనను చోటు చాలదని ఆ మాటలనే తీసివేయుచున్నారు. అవి లేనిచోటనే ఆ ప్రశ్న ఎక్కువగా వినబడుచున్నది.