ఇంట్లో మగవాళ్లెవరూ లేరా?

కోర్టు బంట్రోతు గుమ్మంలో నిలబడి మొట్టమొదట అడిగే మాట ఇదే: "ఇంట్లో మగవాళ్లెవరూ లేరా అమ్మా?" ఆ మాటకొస్తే జనాభా లెక్కల వాళ్లూ, బియ్యం బస్తాల వాళ్లూ కూడా అదే అడిగేవారు. కాకపోతే వాళ్లది అలవాటు, బంట్రోతుది చట్టం.

దావాలు ఎలా నడవాలో చెప్పే సివిల్ ప్రొసీజర్ కోడ్ 1908లో తయారై, 1909 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో అయిదో ఆర్డరు, పదిహేనో రూలు చూడండి. దావా పడ్డ మనిషి దొరక్కపోతే, అతని తరఫున పుచ్చుకునే ఏజెంటు కూడా లేకపోతే, అతనితో కలిసి ఉంటున్న వయసొచ్చిన "మగ" కుటుంబసభ్యుడికి సమను ఇవ్వొచ్చు అన్నారు. అంతకు ముందరి 1882 కోడ్‌లోనూ ఇదే వరస. అంటే పద్దెనిమిదేళ్లు నిండి, చొక్కా బొత్తాలు కూడా తల్లి చేత కుట్టించుకునే కొడుకు సంతకం చెల్లుతుంది. ఆ తల్లి సంతకం చెల్లదు. ఆవిడ మీదే దావా పడితే మాత్రం భేషుగ్గా చెల్లుతుంది!

ఇదేదో సంతకం గొడవేగా అనుకునేరు. అసలు కష్టం తర్వాత ఉంది. దావా వేసినట్టు ప్రతివాదికి తెలియజేసే కాయితమే సమను. దానికి దావా నకలు జత చేసి పంపాలి. అది సరిగ్గా అందినట్టు రుజువై, వాయిదా నాడు మనిషి రాకపోతే, కోర్టు రెండో పక్షం మాట వినకుండానే డిక్రీ ఇచ్చేయొచ్చు. దాన్నే ఎక్స్‌పార్టీ డిక్రీ అంటారు. ఆ పైన అమీనా వస్తాడు. ఇల్లో పొలమో జప్తు చేస్తే డప్పు వేయించి మరీ చాటాలని కోడ్‌లోనే రాశారు. తన ఇంటి మీద దావా ఉందన్న కబురు ఒక ఇల్లాలికి మొదటిసారి ఆ డప్పు మోతలోనే తెలిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

ప్లీడరు గుమాస్తాగా చేసిన మా పెదనాన్న ఒక సంగతి చెప్పేవారు. కొందరు బంట్రోతులు ఊళ్లోకి వెళ్లకుండా సత్రం అరుగు మీదే కూచుని "మనిషి లేడు, గుమ్మానికి అంటించాను" అని రాసేసేవారట. అందుకే అంటింపుకి కోడ్‌లో అన్ని షరతులు పెట్టారు. ఎప్పుడు అంటించాడో, ఇల్లు ఎవరు చూపించారో, ఎవరి ఎదుట అంటించాడో బంట్రోతు రాయాలి. ఆ రిపోర్టుకి ప్రమాణపత్రం లేకపోతే, కోర్టు అతన్ని ప్రమాణం చేయించి ప్రశ్నించాలి.

ధర్మశాస్త్రాల్లో సమనుకి ఏం పేరో తెలుసా? ఆహ్వానం! పెళ్లి శుభలేఖ మీద అచ్చు వేయించుకునే మాటే. రాజముద్ర పంపి గాని, మనిషిని పంపి గాని పిలిపించాలని మితాక్షర చెబుతుంది. కులస్త్రీనీ, బాలింతనూ పిలిపించకూడదని కూడా అంటుంది. 1908 కోడ్ కూడా ఆ దారినే నడిచింది. ఆచారం ప్రకారం బయటికి రాని స్త్రీలను స్వయంగా కోర్టుకు రమ్మనకూడదని 132వ సెక్షన్ ఇప్పటికీ ఉంది. మర్యాదకేం లోటు లేదు, నమ్మకానికే వచ్చింది లోటు.

చెప్పొద్దూ, ఆ అపనమ్మకాన్ని వాడుకున్న మగమహారాజులూ లేకపోలేదు. భార్య తీసుకున్న కాయితాన్ని చూసీ చూడనట్టుండి, డిక్రీ వచ్చాక "సమను నాకు సరిగ్గా అందలేదు" అని అర్జీ పెట్టుకోవచ్చు. తొమ్మిదో ఆర్డరు పదమూడో రూలు అందుకు దారి ఇచ్చింది. సమను సరిగ్గా అందలేదనో, రాలేకపోవడానికి తగిన కారణం ఉందనో చూపిస్తే కోర్టు డిక్రీ రద్దు చేస్తుంది, ఖర్చులు కట్టమనో, కొంత డబ్బు డిపాజిట్ చెయ్యమనో షరతు పెట్టి. గడువు డిక్రీ నాటి నుంచి 30 రోజులు. సమను సరిగ్గా అందనివాళ్లకైతే డిక్రీ సంగతి తెలిసిన రోజు నుంచి 30 రోజులు. నిజంగా ఏమీ తెలియని అమాయకుడి కోసం పెట్టిన తలుపు ఇది. అందులోంచి గడుసువాళ్లు కూడా దూరేవారు.

1976లో కోడ్‌ని సవరించారు. 1977 ఫిబ్రవరి 1 నుంచి ఆ రూలులో "మగ గాని, ఆడ గాని" అన్న మాట చేరింది. అదే సవరణలో గడుసువాళ్ల సంగతీ చూశారు. వాయిదా తేదీ ముందే తెలిసి, రావడానికి వ్యవధి కూడా ఉన్నవాడు సమను అందించడంలో ఏదో లోపముందని పట్టుకుని డిక్రీ రద్దు చేయించుకోవడానికి వీల్లేదన్నారు. ఇక మనం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చి చేసే సంతకానికి ఇంటాయన కూడా కట్టుబడాల్సిందే. గౌరవంతో పాటు బరువూ వచ్చింది. నాకైతే ఆ బరువే నయం అనిపిస్తుంది. కాయితం మీద వాయిదా తేదీ ఏమిటో మనమే చదువుకుని, మర్నాడే ప్లీడరు దగ్గరకు పంపించవచ్చు కదా!

క్రిమినల్ కోర్టుల సంగతి వేరు. సివిల్ కోడ్ మారాక కూడా 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 64వ సెక్షన్‌లో "వయసొచ్చిన మగ సభ్యుడు" అలాగే కూచున్నాడు. దాని స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చాకే ఆ "మగ" అన్న మాట పోయింది. సివిల్ కంటే నలభై ఏడేళ్లు ఆలస్యం.

పదిహేనో రూలు కింద చిన్న వివరణ ఒకటుంది, దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ రూలు లెక్కలో పనిమనిషి కుటుంబసభ్యురాలు కాదు. ఇరవై ఏళ్లుగా మన ఇంటి తాళాలు ఆమె దగ్గరే ఉన్నా సరే, ఆమె చేతికి సమను ఇచ్చి వెళితే ఆ రూలు కింద మనకు అందినట్టు కాదు.