చిన్న బండి, పెద్ద రాస్తా: ఇబ్రహీంపట్నం రింగు దగ్గర ఒక సవాల్



పోయిన నెల మా పెద్దమ్మాయి ఒక సవాల్ వేసింది. "అబ్బా, మన ఆల్టోకి హైవే ఎక్కేంత తాకత్ ఉందా?" తనకు విజయవాడలో నౌకరీ వచ్చింది. మేముండేది కొండపల్లిలో. ఇక్కడి నుంచి బెజవాడ వెళ్లాలంటే ఇబ్రహీంపట్నం రింగు దాటాలి. రింగు దాటి ఎడమకు తిరిగామా, నందిగామ వైపు నుంచి వచ్చే లారీలు, ట్యాంకర్లు, హైదరాబాద్ బస్సులు, అన్నీ వచ్చి మన వెనక పడతాయి. ఆ దరియాలోకి మన చిన్న పడవను దించాలి.

సవాల్ అమ్మాయిదే అయినా జవాబు కావాల్సింది మా అమ్మీకి. "బచ్చీ ఒక్కతే ఆ రాస్తా మీద బండి నడుపుతుందా? నక్కో!" అని అమ్మీ ఒక్క మాటలో తేల్చేసింది. అమ్మీ భయం ఊరికే పుట్టింది కాదు. దానికి కారణం నేనే. ఆ కిస్సా తర్వాత చెబుతాను. ముందు ఈ రాస్తా తారీఖ్ కొంచెం చూద్దాం. ఈ సవాల్ ఇవాళ్టిది కాదు.

మా రింగు చిన్న సెంటరే కానీ మామూలు జాగా కాదు. పుణే నుంచి హైదరాబాద్ మీదుగా మచిలీపట్నం పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఇటుగానే పోతుంది. 2010లో నంబర్లు మార్చక ముందు దాని పేరు 9. ఇంకో రహదారి, 30వ నంబరుది, ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ దగ్గర మొదలై బరేలీ, లక్నో, ప్రయాగ్‌రాజ్, జబల్‌పూర్, రాయ్‌పూర్, జగదల్‌పూర్, భద్రాచలం దాటుకుంటూ రెండు వేల కిలోమీటర్లు నడిచి, మా కొండపల్లి పక్కగా వచ్చి ఇబ్రహీంపట్నంలో ఖతమ్ అవుతుంది. లక్నో నవాబుల షహర్ మీదుగా వచ్చే రాస్తాకు ఆఖరి మంజిల్ మా ఊరి పక్క సెంటర్ అని చెబితే మా పిల్లలు నవ్వుతారు. కానీ నిజం అదే.

గోల్కొండ సుల్తాన్ల కాలంలో కూడా బందరు ఓడరేవుకూ గోల్కొండకూ మధ్య రాకపోకలు ఈ కృష్ణా ఇలాకా మీదుగానే సాగాయి. కలంకారీ బట్టలు, వజ్రాలు, గుర్రాలు, మసాలాలు ఇటూ అటూ నడిచాయి. ఫ్రాన్స్ దేశపు వజ్రాల వ్యాపారి టావెర్నియే 17వ శతాబ్దంలో ఈ దేశంలో చాలా సఫర్ చేశాడు. మన ఇలాకాలో దార్లు చక్రాల బండ్లకు పనికిరావనీ, చిన్న బండి తెచ్చుకున్నా ఇరుకు చోట్ల దాన్ని విప్పదీసి దాటించాల్సి వచ్చేదనీ రాసుకున్నాడు. తన సవారీకి కట్టిన ఎద్దుల జతకు దాదాపు 600 రూపాయలు పెట్టాడట. ఆ రోజుల్లో అది చిన్న రకమ్ కాదు. మంచి ఎద్దులు రోజుల తరబడి దుడుకు నడకతో పోతాయని ఆ ఖర్చును సమర్థించుకున్నాడు. ఇవాళ మనం షోరూమ్‌లో హార్స్‌పవర్ ఎంత అని అడిగినట్టే ఆయన ఎద్దు తాకత్ చూసి కొన్నాడు.

ఆయన రాసిన ఇంకో సంగతి నాకు మరీ నచ్చింది. బంజారాల కాఫిలాల్లో పది పన్నెండు వేల ఎద్దులు ధాన్యం, ఉప్పు మోస్తూ ఒకే వరసలో నడిచేవట. ఇరుకు దారిలో అలాంటి కాఫిలా ఎదురైతే, సవారీ బండిలో వెళ్లేవాళ్లు అది మొత్తం దాటిపోయేదాకా ఒక్కోసారి రెండు మూడు రోజులు ఆగాల్సిందే. 600 రూపాయల ఎద్దులున్నా సరే! తాకత్ ఉన్నంత మాత్రాన రాస్తా దొరకదు. ఖాళీ దొరకాలి. రింగు దగ్గర నిలబడి లారీల వరస చూసినప్పుడల్లా నాకు ఆ కాఫిలా గుర్తొస్తుంది.

ఇప్పుడు మోటారు జమానాకు వద్దాం. మా అబ్బాజాన్ విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్. ఆయన చేతుల కింద ఎన్ని అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినీలు పోయాయో లెక్కలేదు. మారుతి 800 మాత్రం ఆయనకు మొదట్లో బొమ్మలా కనిపించిందట. 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా మొదటి బండి తాళాలు అందాయి. 796 సీసీ ఇంజన్, మూడు సిలిండర్లు, నాలుగు గేర్లు. జపాన్‌లో సుజుకీ వాళ్లు ఊళ్లలోని ఇరుకు వీధుల కోసం తయారుచేసిన చిన్న కారు ఖాందాన్‌లోది అది. "ఈ డబ్బాలో ఐదుగురు కూర్చుంటే గుట్ట ఎక్కుతుందా?" అని ఆటోనగర్ ఉస్తాదులు మజాక్ చేసేవాళ్లు.

కానీ హిసాబ్ చేసి చూస్తే సంగతి తిరగబడుతుంది. అంబాసిడర్ బరువు సుమారు 1,100 కిలోలు, తాకత్ సుమారు 50 హార్స్‌పవర్. అంటే టన్నుకు 45. మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు, తాకత్ సుమారు 37. అంటే టన్నుకు 57. బొమ్మ అనుకున్న బండే చురుకైంది! ఆ రోజుల్లో రోడ్డు మీద నడిచిన టాటా 1210 లారీ పేరులోనే దాని హిసాబ్ ఉంది: 12 టన్నుల బరువు, 100 హార్స్‌పవర్. టన్నుకు ఎనిమిది. లోడుతో ఆ లారీ నలభై దాటి పోవాలంటే ఆయాసపడేది. రెండు వరసల పాత తొమ్మిదో నంబర్ రోడ్డు మీద, ఆ లారీల మధ్య, మారుతి చిరుతలా దూరేది. 1996లో అబ్బాజాన్ సెకండ్ హ్యాండ్‌లో ఒక మారుతి కొన్నప్పుడు "తాకత్ సరిపోతుందా" అని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగే జరూరత్ లేకపోయింది.

తర్వాత మారింది బండి కాదు, రాస్తా. హైదరాబాద్ రోడ్డు నాలుగు వరసలైంది. 2012 చివరికల్లా టోల్ గేట్లు కూడా వచ్చేశాయి. లారీల ఇంజన్లు రెండింతలయ్యాయి. 2018లో కేంద్రం నాలుగు వరసల రోడ్ల మీద కార్లకు గంటకు 100, సరుకు బండ్లకు 80 కిలోమీటర్ల హద్దు పెట్టింది. ఇటు మా ఊళ్లో 1979లో 210 మెగావాట్ల మొదటి యూనిట్‌తో మొదలైన థర్మల్ కేంద్రం పెరుగుతూ పోయింది. దాని బూడిద లారీలు, కొండపల్లి ఫ్యాక్టరీల బండ్లు, ఆయిల్ ట్యాంకర్లు, అన్నీ రింగు దగ్గరే రోడ్డెక్కుతాయి. ఒకప్పుడు నలభైలో నడిచే కాఫిలా ఇప్పుడు ఎనభైలో నడుస్తోంది. మన ఛోటీ గాడీ మాత్రం ఆ గాడీయే.

ఇక నా కిస్సా. 2013లో ఒక సాయంత్రం. కొండపల్లి షాబుఖారీ బాబా ఉర్సుకు వచ్చిన చుట్టాలను బెజవాడలో దింపడానికి అబ్బాజాన్ మారుతిలో బయల్దేరాం. నడిపేది నేను. పక్కన అబ్బాజాన్, వెనక అమ్మీ, ఇద్దరు ఖాలాలు, ఒక ఖాలా ఒళ్లో పిల్లాడు. ఏసీ వేసి ఉంది. రింగు తిరిగి మూడో గేర్‌లోనే పెద్ద రోడ్డు మీదికి వచ్చేశాను. వెనక ట్యాంకర్ చాలా దూరంలో ఉందనుకున్నాను. యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కాను. బండి "ఊఁ" అంటుంది తప్ప కదలదు. అద్దంలో ట్యాంకర్ పెద్దదైపోతోంది. హారన్. ఆ డ్రైవర్ బ్రేకు తొక్కి పక్క వరసలోకి లాగాడు కాబట్టి మేం బతికాం. అమ్మీ చేతిలోని తస్బీ దారం తెగి పూసలన్నీ కింద పడిపోయాయి.

దారంతా అబ్బాజాన్ ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికొచ్చాక బానెట్ మీద చెయ్యి వేసి, "కసూర్ దీనిది కాదు బేటా" అన్నారు. నాకు గుస్సా వచ్చింది. పాత బండిని వెనకేసుకొస్తున్నారనుకున్నాను. మర్నాటి నుంచి అమ్మీ ఆ బండి ఎక్కలేదు. ఇప్పటికీ బెజవాడ పోవాలంటే బస్సే.

అబ్బాజాన్ మాటలో నిజమెంతో అమ్మాయి సవాల్ వేశాకే కాగితం మీద లెక్క వేసి చూశాను. మీరూ చూడండి.

బండి, ఐదుగురు మనుషులు కలిపి వెయ్యి కిలోలు అనుకోండి. రింగు తిరిగాక వేగం 20. పెద్ద రోడ్డు మీద లారీ వేగం 80. మనం 20 నుంచి 80కి చేరాలి. 37 హార్స్‌పవర్‌లో చక్రాల దాకా సగటున 20 అందుతుందనుకుంటే, దానికి 15 సెకన్లు పడుతుంది. ఆ 15 సెకన్లలో మనం సుమారు 240 మీటర్లు పోతాం, వెనక లారీ 340 మీటర్లు వస్తుంది. అంటే లారీ మనకు 100 మీటర్లు దగ్గరవుతుంది. దానికి రెండు సెకన్ల దూరం, అంటే ఇంకో 45 మీటర్లు, జాగ్రత్తకు కలపండి. సుమారు 150 మీటర్ల ఖాళీ ఉంటే ఈ చిన్న బండి, ఇంత బరువుతో కూడా, సలామత్‌గా కలిసిపోతుంది.

డ్రైవర్ ఒక్కరే ఉంటే? 720 కిలోలు. 11 సెకన్లు. 120 మీటర్ల ఖాళీ చాలు.

మరి ఆ రోజు నేను చేసిందేమిటి? ఈ ఇంజన్ పూర్తి తాకత్ నిమిషానికి 5,000 చుట్ల దగ్గర ఇస్తుంది. 20 వేగంలో మూడో గేర్ వేస్తే ఇంజన్ అందులో నాలుగో వంతు కూడా తిరగదు. పైన ఏసీ తన వాటా రెండు మూడు హార్స్‌పవర్లు లాక్కుంటుంది. చక్రాలకు అందేది సగానికి పడిపోయిందనుకుంటే, సమయం 30 సెకన్లు, కావాల్సిన ఖాళీ 250 మీటర్లు. నేను చూసుకున్న ఖాళీ అందులో సగం ఉంటే గొప్ప. చూడండి, నలుగురు మనుషుల బరువు తెచ్చిన ఫరక్ 30 మీటర్లు. తప్పు గేర్, ఏసీ కలిసి తెచ్చిన ఫరక్ 100 మీటర్లు. అబ్బాజాన్ బండిని వెనకేసుకురాలేదు. హిసాబ్ ఆయన చేతివేళ్లలో ఉంది, అంతే.

అలాగని చిన్న బండికి ఏ హద్దూ లేదని చెప్పను. పెద్ద ఇంజన్ ఉన్నవాడికి తప్పు సరిదిద్దుకోవడానికి ఇంకో మౌకా ఉంటుంది. మనకు ఉండదు. 2009లో వచ్చిన టాటా నానోలో రెండు సిలిండర్ల 624 సీసీ ఇంజన్, 35 హార్స్‌పవర్. బరువు 600 కిలోలు. హిసాబ్ ప్రకారం అది కూడా మారుతి 800కు దీటైనదే. గరీబ్ కుటుంబం స్కూటర్ మీద నలుగురు పోయే బదులు ఇందులో పోవాలని తెచ్చారు. నాలుగు వరసల రోడ్డు మీద ఆ కుటుంబం కూడా ఎనభైలో వచ్చే లారీ ముందే చేరాలి. తక్కువ ధర బండి కొన్నవాడికి తక్కువ వేగం రోడ్డు ఎవరూ వేసివ్వరు. అందుకే ఎక్కువ ఇల్మ్ కావాల్సింది చిన్న బండి వాడికే.

అమ్మాయికి నేను నేర్పింది ఇది. రింగు దగ్గర రెండో గేర్‌లోకి రా. ఏసీ ఆపు. వెనక రోడ్డు మీద ఒక బోర్డునో చెట్టునో గుర్తు పెట్టుకో. లారీ అక్కడి నుంచి నీ దగ్గరికి రావడానికి ఎన్ని సెకన్లు పడుతుందో ముందు ఆగి లెక్కపెట్టు. ఏడు వచ్చే చోటు నీ హద్దు. హద్దుకు ఇవతల లారీ ఉంటే, వెనక ఎవడు ఎంత హారన్ కొట్టినా, కదలకు. అవతల ఉంటే మాత్రం సందేహం వద్దు. రెండో గేర్‌లో ఇంజన్ అరిచేదాకా తొక్కు, అప్పుడు మూడు. అరిస్తే పాడవుతుందని మనవాళ్లకో వహమ్ ఉంది. ఆ అరుపే దాని తాకత్. సగం మనసుతో ఎక్కడమే ఖతర్నాక్.

మొదటి రోజు రింగు దగ్గర అమ్మాయి నాలుగు నిమిషాలు ఆగింది. నేను గడియారం చూస్తూనే ఉన్నాను గానీ ఏమీ అనలేదు. టావెర్నియే రెండు మూడు రోజులు ఆగాడు కదా. తర్వాత ఒక ఖాళీ దొరికింది. పెదాలు కదుపుతూ లెక్కపెట్టింది. ఎక్కేసింది. గుంటుపల్లి వచ్చేసరికి అద్దంలో వెనక లారీ ఎంత దూరాన ఉందో అంతే దూరాన ఉంది.

సాయంత్రం అమ్మీకి ఈ హిసాబంతా చెప్పాను. మీటర్లు, సెకన్లు ఆమెకు పట్టలేదు. "నాలుగు నిమిషాలు ఆగిందా?" అని మాత్రం రెండుసార్లు అడిగింది. ఆగిందన్నాను. కాసేపు ఊరుకుని, "జుమేరాత్ నాడు భవానీపురంలో ఖాలా ఇంటికి పోవాలి. బచ్చీని తీసుకుపొమ్మను" అంది.

మరి నేను నడుపుతానంటే? "నువ్వు నక్కో" అంది.