పలక మీద ఓటు

"బాబాయ్, పావత్తు ఏదీ?"

"పొద్దుటేల నుంచి చెరుకు కొట్టిన సెయ్యిరా ఇది. వత్తులు పెట్టమంటే ఎలాగ?"

1948. మారిషస్‌లో చెరుకుతోట పక్కన రాత్రిబడి. లాంతరు చుట్టూ పలకలు. సింహాచలం దేవుడు అప్పన్న పేరు పెట్టుకున్న పాపానికి ఆయన పావత్తు, నావత్తు రెండూ దిద్దాలి. తాత కోరంగి రేవులో ఓడెక్కినప్పుడు వెంట తెచ్చిన ఆస్తి ఆ పేరొక్కటే. (సంభాషణ నా ఊహ. బడులూ, ఆ తొందరా నిజం.)

ఆగస్టులో శాసనమండలి ఎన్నికలు. అంతవరకూ ఓటు ఆస్తో, మంచి జీతమో ఉన్నవాళ్ళ సొత్తు. 1886లో మూడున్నర లక్షల జనానికి ఓటర్లు సుమారు 4,000 మంది! 1947 రాజ్యాంగం కొత్త దారి తెరిచింది. ద్వీపంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా చిన్న వాక్యాలు చదివి రాయగలిగితే ఆడామగా ఎవరికైనా ఓటే. ఫ్రెంచి, హిందుస్తానీ, తమిళంతోపాటు తెలుగూ చెల్లుతుంది.

అక్షరాలు నేర్పడానికి సంఘసేవకుడు బాసుదేవ్ బిసుందయాల్ ఊళ్ళ మీదికి వందలాది కార్యకర్తలను పంపారు. పగలు కత్తి పట్టిన చేతులు రాత్రి బలపం పట్టాయి.

"నీకెందుకే రాత?" పిన్నిని అడిగాడు బాబాయ్.

"నీ ఒక్క ఓటుకే తోట దొర బెదిరిపోతాడేటి? నా పేరుకి వత్తుల్లేవు. నీకంటే ముందు నేనే రాసేస్తాను."

12 వేలలోపు ఉన్న ఓటర్లు 70 వేలు దాటారు. ఎన్నికైన 19 మందిలో 11 మంది హిందువులు. తర్వాత తొలి ప్రధాని అయిన శివసాగర్ రామ్‌గులామ్, బాసుదేవ్ తమ్ముడు సుఖ్‌దేవ్ వాళ్ళలో ఉన్నారు. ఎమిలియెన్ రోష్‌కూస్ట్ అనే మహిళా గెలిచారు. ఫ్రెంచి సంతతికి దక్కింది ఒకే ఒక్క స్థానం.

గవర్నర్ మెకెంజీ కెనెడీ చేతిలో మాత్రం 12 నామినేటెడ్ కుర్చీలున్నాయి. ఎక్కువ భాగం తోటల యజమానుల వైపు మొగ్గే సంప్రదాయవాదులకే పంచారు. పైన ముగ్గురు అధికారులు. గెలిచినవాళ్ళలో ఇద్దరు ముగ్గురు జారితే చాలు, మెజారిటీ గల్లంతు. జనం వత్తులు దిద్దుకుంటే సర్కారు లెక్కలు దిద్దుకుంది. నాకైతే అది తెలివిగా చేసిన మోసంలాగే కనిపిస్తుంది.

చదువుతో పనిలేకుండా వయోజనులందరికీ ఓటు 1959 మార్చి ఎన్నికల్లో వచ్చింది. 40 మందిని జనమే ఎన్నుకున్నారు. 12 మంది దాకా నామినేట్ చేసే అధికారం గవర్నర్ దగ్గర అప్పటికీ ఉంది.