రోగివాహక విమానములు: చోదకుని వేతనము

పరోపకారార్థమైన వృత్తులయందున్నవారు జీతమును గూర్చి మాటలాడుట యనుచితమను భావము మనలో చిరకాలమునుండి పాతుకొనియున్నది. ఉపాధ్యాయుడు జీతము చాలదన్నచో విద్యాదానమునకు వెలగట్టుచున్నాడని యందుము. మంత్రసాని కూలి యడిగినచో పుణ్యకార్యమునకు బేరమా యని గద్దింతుము. ఈ భావము ధర్మమువలె గనబడునుగాని, దానివలన నష్టపడువాడు సేవకుడొక్కడేనా, లేక సేవ పొందువాడును నష్టపడునా యని విచారింపవలసియున్నది. ఈ విచారణకు రోగులను గొనిపోవు విమానముల చరిత్ర మంచి నిదర్శనము.

ఈ చరిత్ర ఆస్ట్రేలియా దేశపు లోభాగమున నారంభమైనది. అచ్చటి పశువుల క్షేత్రములు వైద్యునికి వందల మైళ్ల దూరమున నుండెడివి. జాన్ ఫ్లిన్ అను క్రైస్తవాచార్యుడు 1912లో నా ప్రాంతముల సేవకై యొక సంస్థను స్థాపించెను. 1917లో క్లిఫర్డ్ పీల్ అను యువసైనికుడు, విమానములచే వైద్యుని గొనిపోవచ్చునని, ఖర్చుల యంచనాతోగూడ ఫ్లిన్‌కు జాబు వ్రాసెను. ఆ యువకుడు మరుసటి సంవత్సరమే యుద్ధమున మరణించెను. హ్యూ విక్టర్ మెకే అను కోతయంత్రముల నిర్మాత తన మరణశాసనమున 2,000 పౌనులు విడిచిపోగా, 1928 మే 17వ తేదీన క్లాన్‌కరీ పట్టణమునుండి మొదటి వైద్యవిమానము జూలియా క్రీకునకు బయలుదేరెను. వైద్యుడు సెయింట్ విన్సెంట్ వెల్చ్. చోదకుడు ఆర్థర్ ఆఫ్లెక్.

ఆ చోదకుని పని యెట్టిదో తెలిసికొందము. రోగియు వైద్యుడును మూసిన గదిలో గూర్చుండగా, చోదకుడు వెనుక కప్పులేని స్థానమున నెండకును దుమ్మునకును ముఖమొగ్గి కూర్చుండెడివాడు. వానికి రేడియో లేదు. దిక్సూచి యొక్కటియే యాధారము; తక్కినది తంతితీగెలను, కంచెలను, ఏటిపాయలను జూచి దారి పోల్చుకొనుటయే. విమానము క్వాంటాస్ కంపెనీది. చోదకుడును వారి యుద్యోగియే. ఫ్లిన్ సంస్థ ఆ కంపెనీకి మైలునకు రెండు షిల్లింగుల చొప్పున చెల్లించెడిది. అనగా దేశచరిత్రలో కీర్తికెక్కిన యా సేవ, బండి బాడుగ కట్టు పద్ధతిమీదనే మొదలైనది. బాడుగ పద్ధతి అనేక వత్సరములు సాగెను. 1960 తరువాతి దశకమునగాని యా సంస్థ తన సొంత విమానములను గొని, చోదకులను తన యుద్యోగులుగా నియమించుకొన మొదలిడలేదు.

బాడుగకును జీతమునకును గల భేదము చిన్నది కాదు. బాడుగబండి కదలిననే సొమ్ము, నిలిచిన నష్టము. ఈ లెక్క సరకుల రవాణాకు సరిపోవచ్చును. రోగివాహనము విషయమున ఇది యెట్టి ఫలితముల నిచ్చునో అమెరికా దేశపు చరిత్ర తెలుపుచున్నది.

కొరియా, వియత్నాము యుద్ధములలో క్షతగాత్రులను హెలికాప్టరులపై గొనిపోవు పద్ధతి ప్రబలెను. దాని ననుసరించి 1972లో డెన్వర్ నగరమునందలి సెయింట్ ఆంథొనీ ఆసుపత్రివారు పౌరులకొరకు హెలికాప్టరు సేవ నారంభించిరి. యుద్ధమునుండి తిరిగివచ్చిన చోదకు లనేకులీ వృత్తిలో ప్రవేశించిరి. తొలుత ఆసుపత్రులే ఖర్చు భరించెడివి. తరువాత విమానకంపెనీలే సొంతముగా స్థావరము లేర్పరచుకొని, రోగి పేరనో వాని బీమా పేరనో పద్దు వ్రాయు పద్ధతి వ్యాపించెను. ఈ పద్ధతిలో రోగి నెక్కించి గమ్యము చేర్చినప్పుడే రాబడి. వాతావరణము బాగులేక చోదకుడు పోననినచో ఆనాటి ఖర్చంతయు దండుగ.

చోదకుని దినచర్యయు విచిత్రమైనది. సాధారణముగా పండ్రెండు గంటల కొలువు. ఏడు దినములు పని, ఏడు దినములు విరామము. పగటి వంతు, రాత్రి వంతు మారుచుండును. అచ్చటి నిబంధనలప్రకార మొంటి చోదకుడు ఇరువదినాలుగు గంటలలో ఎనిమిది గంటలకు మించి విమానము నడుపరాదు. క్రమమైన కొలువు పదునాలుగు గంటలకు మించరాదు. దానికి ముందును వెనుకను పది గంటల విశ్రాంతి యుండవలయును. అయినను ఈ వృత్తిలో అధికభాగము నడుపుట కాదు, కాచుకొనియుండుట. పిలుపు వచ్చిన కొలది నిమిషములలో ఆకాశము, గాలి, దిగుచోటు విచారించి నిర్ణయింపవలెను. ఆ నిర్ణయమే వాని యసలు విద్య. ఎగిరిన గంటలను మాత్రమే లెక్కించువారు ఈ విద్యకు విలువ గట్టలేరు.

ఈ విద్యకు విలువ తగ్గినప్పు డేమి జరుగును? 2002 జనవరి మొదలు 2005 జనవరి వరకు అమెరికాలో రోగివాహక విమానములకు 55 ప్రమాదములు జరిగి 54 మంది మరణించిరని ఆ దేశపు రవాణాభద్రతా మండలి 2006లో ప్రకటించెను. వానిలో 35 ప్రమాదముల సమయమున వైద్యసిబ్బంది యుండిరిగాని రోగి లేడు. రోగి లేని ప్రయాణములకు కొలువుగంటల నియమము గాని, వాతావరణపు కఠిననియమము గాని వర్తింపకుండెను. రోగికొరకు పోవునప్పుడు ఒక చట్టము, రోగి యెక్కిన పిదప మరియొక చట్టము! చోదకుని యలసటకు మాత్రము ఈ భేదము తెలియదు గదా. ఈ లోపమును 2012 నాటి శాసనమును, 2014 నాటి నిబంధనలును సవరించినవి. ఈ నిబంధనలే పర్వతాదులను ముందుగా హెచ్చరించు యంత్రమును, ప్రయాణమునకు ముందు అపాయపు లెక్కను విధించి, పది హెలికాప్టరులకు తక్కువగాక గల కంపెనీలకు పర్యవేక్షణ కేంద్రమును గూడ విధించినవి.

వేతనవిషయమునను చట్టము చోదకునికి అంత యనుకూలముగా లేదు. 1938 నాటి కూలిశాసనము వారమున నలుబది గంటలకు మించిన పనికి ఒకటిన్నర రెట్లు కూలి యనుచున్నది. కాని, 1936లో రైల్వే కార్మికశాసనము క్రిందికి దేబడిన విమానకంపెనీల ఉద్యోగులకు ఈ హక్కు మినహాయింపబడినది. ఆ రైల్వే శాసనము ప్రకారము సమ్మెకు ముందు మధ్యవర్తిమండలి యెదుట దీర్ఘకాలము నడువవలెను. కావున అదనపుకూలి చట్టమువలనగాక బేరమువలననే రావలసియున్నది. 2003లో ఎయిర్ మెథడ్స్ కంపెనీ చోదకులు కార్మికసంఘమున జేరిరి. 2006 సెప్టెంబరులో పి.హెచ్.ఐ. కంపెనీ చోదకులు సమ్మె కట్టిరి.

ఈ జీతములు పెరిగిన రోగిపై భారము పడునని యొక యాక్షేపణ కలదు. ఇది త్రోసివేయదగినది కాదు. హెలికాప్టరు ప్రయాణమునకు కంపెనీలు వేయు వెల 2010లో సుమారు 15,000 డాలర్లుండగా 2014 నాటికి దాదాపు 30,000 డాలర్లైనదని అచ్చటి ప్రభుత్వ లెక్కల పరిశోధకులు తేల్చిరి. 1978 నాటి శాసనమువలన రాష్ట్రప్రభుత్వము లీ వెలలను నియంత్రింపజాలకుండెను. రోగిపై ననుకొనని పద్దుల భారము పడకుండ చేసిన శాసనము 2022 జనవరినుండి యమలులోనికి వచ్చినది. కాని చోదకుని జీతము తగ్గించి ఈ భారమును దించవలెననుట, వంతెన చవుకగా గట్టుటకై కొలతలు చూచువానిని మానిపించుట వంటిది.

నేడు బుద్ధిమంతులు రెండు పద్ధతు లవలంబించుచున్నారు. మొదటిది: పయనింపగలమా లేదా యని తేల్చువరకు చోదకునికి రోగి వయస్సు గాని, వ్యాధి గాని తెలుపకుండుట. ఒక పసిబిడ్డ ప్రాణాపాయమున నున్నదని వినిన మనుష్యుడు మబ్బును సరిగా చూడలేడు. రెండవది: విమానమున నున్నవారిలో ఏ యొక్కరు వలదన్నను ప్రయాణము మానుట. ఈ రెండును కరుణను తగ్గించునవి కావు, నిర్ణయమును కాపాడునవి.

అయితే ఈ రక్షణ పూర్ణము కావలెనన్న మూడవది గూడ నుండవలెను: పోయినను, పోకున్నను జీతమొక్కటియే యగుట. పోననుటవలన తన కుటుంబమునకో, తన యుద్యోగమునకో చేటు రాదని నమ్మినవాడే మేఘమును మేఘముగా జూడగలడు. వానిని త్యాగమూర్తియని పొగడి తక్కువ యిచ్చుట, వాని విశ్రాంతిని పొదుపు క్రింద జమకట్టుట సేవాధర్మము కాదు. కప్పులేని స్థానమున గూర్చుండి దారి వెదకుకొన్న ఆఫ్లెక్ కాలమున సాహసము తప్పనిసరియైనది. యంత్రములు పెరిగిన యీ కాలమున వివేకమే ప్రధానము. ఆ వివేకమునకు జీతమిచ్చుట రోగిపట్ల మన బాధ్యతలోని భాగమే.