గత్తర నేర్పిన ఉప్పునీటి లెక్క

జమ్మికుంట పత్తి మార్కెట్టులో ధర ఒక్కసారిగా ఎగసిననాడు కుర్రవాండ్రు ‘గత్తర లేచిందిరా’ యని నవ్వుచు చెప్పుకొందురు. ఆ మాట విని నవ్వలేని ముదుసళ్లు ఇంకను కొందరున్నారు. వారి చిన్ననాట గత్తర యనగా కలరా. ప్రొద్దున నాగలి కట్టిన మనిషి, బియ్యము కడిగిన నీళ్లవంటి విరేచనములతో కృశించి, కనుగ్రుడ్లు లోతునకు దిగి, గొంతు పోయి, దినమంతయు చాకిరేవున నానినట్లు వ్రేళ్ల కొనలు ముడుతలు పడి, దీపాలవేళకు కట్టెగా మారు వ్యాధి అది. ఊరు పోచమ్మకు బోనమెత్తెడిది. రోగికి మాత్రము, త్రాగిన కొలది పారునను భయముచేత, గ్రుక్కెడు నీళ్లయినను పోయకుండెడిది. కాజీపేట–బల్లార్షా రైలుమార్గము 1929 నాటికి పూర్తియై మద్రాసును ఢిల్లీతో కలిపినపుడు జమ్మికుంట ఆ దారిమీది ఊరయ్యెను. పత్తిబేళ్లు పోవు త్రోవన రోగములు రావని చెప్పుటకు వీలులేదు గదా.

ఇంతకును ఆ నీరంతయు ఎక్కడిది? గత్తర ముదిరిన రోగి గంటకు లీటరు దాక కోల్పోవచ్చును. త్రాగనిదే అంత నీరు ఎట్లు వచ్చును?

మన ప్రాంతపు గొలుసుకట్టు చెరువులను చూచినవారికి ప్రేగుల వ్యవహారము సులభముగా బోధపడును. ఆరోగ్యవంతుని ప్రేగులలోనికి దినమునకు సుమారు 9 లీటర్ల ద్రవము దిగును. అందు మనము తిని త్రాగినది 2 లీటర్లే. తక్కిన 7 లీటర్లును లాలాజలము, జఠరరసము, పైత్యరసము, క్లోమరసము, ప్రేగుగోడ తానే ఊర్చు రసము. ఇందు పెద్దపాలును చిన్నప్రేగు పీల్చుకొనగా, దాని మత్తడి దుమికినదానిని పెద్దప్రేగు పట్టుకొనును. కట్టకడపట బయటికి పోవునది 100 నుండి 200 మిల్లీలీటర్లు మాత్రమే. అయితే ప్రేగునకు నీటిని నేరుగా తోడు మోట లేదు. సోడియము ముందు నడచిన చోటికి నీరు వెంట నడచును, అంతియే. చిన్నప్రేగు లోపలి సన్నని చూషకముల కొనలయందు పీల్చుటయు, వాని కుదుళ్లయందు క్లోరైడును వెడలించి దానివెంట నీటిని ఊర్చుటయు, ఈ రెండు పనులును రేయింబవళ్లు సాగుచునే యుండును.

గత్తర చేయునది ఈ రెండవ తూమును మూయకుండ తెరచి యుంచుట. కాక్ పండితుడు 1884లో కలకత్తాలో క్రిమిని గుర్తించెను గాని, క్రిమి యేమి చేయుచున్నదో తేలుటకు మఱి 75 ఏండ్లు పట్టెను. ఆ కలకత్తాలోనే శంభునాథ్ డే, క్రిములను పూర్తిగా వడకట్టిన ద్రవమును కుందేలు ప్రేగుముడిలో నింపి, అది నీటితో ఉబ్బుట చూపి, దోషము క్రిమి విసర్జించు విషమునందున్నదని 1959లో ప్రకటించెను. కట్ట తెగలేదు, తూము మాత్రమే తెరచుకొన్నది. నోబెల్ బహుమతి ఆయనకు రాకపోవుట ఆ బహుమతికే లోపమని నా అభిప్రాయము.

మరుసటి యేడు, 1960లో, ప్రాగ్ నగరమున రాబర్ట్ క్రేన్ అను శాస్త్రజ్ఞుడు మఱియొక ద్వారమును చూపెను: గ్లూకోజు ప్రేగుగోడను దాటునపుడు సోడియమును చేయిపట్టుకొని లోనికి తీసికొనిపోవునట. కలరా విషము ఈ ద్వారమును మూయజాలదు! 1971లో తూర్పు బెంగాలు శరణార్థులు నిండిన బోన్‌గావ్ శిబిరమున, సిరలకెక్కించు సెలైను అయిపోవుచుండగా, దిలీప్ మహలనాబిస్ ఉప్పు, గ్లూకోజు, సోడా కలిపిన నీటిని పీపాలతో నింపి త్రాగించెను. నూటికి 30గా నున్న చావులు 4కు లోబడెను.

పీల్చుకొనుటకు సంబంధించిన ఇంకొక కథ మన తెలుగువారిది. ఆయుర్వేదమున చిన్నప్రేగునకు గ్రహణి యని పేరు, పట్టియుంచునదని అర్థము; ఆ పట్టు సడలిన వ్యాధియే సంగ్రహణి, పాశ్చాత్యుల స్ప్రూ. భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావు ఈ జబ్బునకు ఇద్దరు సోదరులను ఎనిమిది దినముల వ్యవధిలో కోల్పోయి, తానును దానిపాలై, మద్రాసున ఆచంట లక్ష్మీపతిగారి వైద్యమున కోలుకొనెను. ఆయన నాయకత్వమున అమెరికాలో 1945లో సాధింపబడిన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూకే మందయ్యెను.

ఇప్పుడు వానకాలమున జమ్మికుంట పల్లెలలో ఆశా కార్యకర్త చేతిసంచిలో ఓఆర్ఎస్ పొట్లములుండును. ఒక్కొక్క పెద్ద పొట్లమున 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, కొంత పొటాషియము, సిట్రేటు. సరిగ్గా లీటరు నీటికి. నీరు తక్కువైన ఉప్పు ముదురును, ఎక్కువైన పలుచనగును. కనుక ఆమె తల్లికి కొలత సీసానే చూపి, కలిపించి, చెంచాతో బిడ్డకు పట్టించును. పొట్లము చేతికందని ఇంట గంజి కాచుదురు. అన్నపు పిండిపదార్థము ప్రేగులో గ్లూకోజుగా విడిపోవును గనుక అదియు ఆ ద్వారమునే చేరును. అరుగుమీది అవ్వ మాత్రము గిన్నె వంక చూచి అడుగును: ‘గంజిల ఉప్పేసినవా బిడ్డా?’